ఎనభై శాతం బావ

జనగామ,
29 ఏప్రిల్ 2025

చిరంజీవి భవ్యకు,

మేనమామ పబ్బ వెంకట్రాజం దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ సత్యమ్మ అత్తా క్షేమం. దుకాణంలో ఏసీ లేదన్న ఒక్క లోటు తప్ప దేవుడు మాకేం తక్కువ చేయలేదు. భూపాలపల్లిలో నువ్వూ, నీ కరెంటు ప్లాంటూ, నీ ఇంజనీరు ఉద్యోగమూ క్షేమమని తలుస్తాను.

ఈ కాగితానికి నాలుగు మూలలా పసుపు చూసి నీకు సగం సంగతి అర్థమై ఉంటుంది. మిగతా సగం రాస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పకూడదు. అది ఎందుకో కూడా రాస్తాను.

పోయిన మంగళవారం నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఏదో ఆన్‌లైన్ షాపు వాళ్లు నా నంబరును ఎంపిక చేశారట. లక్కీ80 అనే కోడ్ కొడితే ఏ వస్తువు మీదైనా ఎనభై శాతం తగ్గింపట. జనగామలో ఇన్ని నంబర్లుండగా నాదే ఎందుకు ఎంపికైంది? నలభై ఏళ్లుగా బట్టలు అమ్ముతూ ఒక్కనాడూ కొలతలో వేలెడు గుడ్డ తగ్గించని మనిషి నంబరు గనక. ఎవరో విచారించే ఉంటారు.

వాళ్లిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ కార్తీక్ అని ఒక అబ్బాయి ఎత్తాడు. ఏం మర్యాద! మాటకు ముందొక సార్, మాటకు వెనకొక సార్. కొంచెం రిజిస్ట్రేషన్ సొమ్ము కట్టి, ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెబితే కోడ్ పనిచేస్తుందట. ఆఫర్ ఈ రాత్రికే ఆఖరు అన్నాడు. "ఇయ్యాల మంగళారం నాయినా, మా ఇంట్ల మంగళారం పైస బయటికి పోనియ్యం" అన్నాను. సరే బుధవారం అన్నాడు. రాహుకాలం అన్నాను. శుక్రవారం అన్నాడు. శుక్రవారం లక్ష్మిని గడప దాటిస్తామా? పాపం, నాకోసం ఆఫర్‌ను వాయిదా వేస్తూ పోయాడు. చివరికి పంతులుగారిని అడిగి మే పద్దెనిమిది, ఆదివారం ఖాయం చేశాం.

ఆ రోజే మా బట్టల వర్తక సంఘం మీటింగ్. అధ్యక్షుడిగా నేనే కోడ్ ప్రకటించి అందరి చేతా కట్టిస్తాను. ఇరవై ఒక్క మందిని చేరిస్తే నా ఏసీ ఉచితమట. మన దుకాణం అరుగు మీద కూర్చుని కుట్టే సాలమ్మ కూడా ఈ కోడ్‌తో మోటారు మిషన్ తీసుకుంటానంటోంది. తొక్కుడు మిషన్ తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి.

ఇక పసుపు సంగతి. మాటల్లో గోత్రం అడిగాను. "మీదేంటి సార్?" అన్నాడు. చెప్పాను. "మాదీ అదే సార్!" అన్నాడు. ఆలోచించు, భవ్యా. నా గోత్రమే అయితే నా తమ్ముడి కొడుకు వరస. నా తమ్ముడి కొడుకు నీకేమవుతాడు? బావ! పెళ్లి కాలేదట. జాతకం, ఫోటో, తల్లిదండ్రుల చిరునామా పద్ధతిగా రిజిస్టర్డ్ పోస్టులో పంపమన్నాను.

కోడ్ సంగతి ముహూర్తం దాకా ఫోన్‌లో ఎవరికీ చెప్పొద్దని అబ్బాయి నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇచ్చిన మాట తప్పను. ఉత్తరం రాయొద్దని మాత్రం అతను అనలేదు.

ఇట్లు,
నీ మంచి కోరే మేనమామ,
వెంకట్రాజం

తా.క.: అబ్బాయికి నీ ఫోటో పంపాను. నా ఫోన్‌లో నువ్వు పంపిన ప్లాంటు ఫోటో ఒక్కటే ఉంది. హెల్మెట్, నల్ల కళ్లద్దాలు, చెవులకు అడ్డాలు పోగా ముక్కు బాగా కనిపిస్తోంది. అచ్చం మన ఇంటి ముక్కు.


భూపాలపల్లి,
3 మే 2025

పూజ్యులైన మామయ్యకు,

భవ్య నమస్కారాలు. నేను క్షేమమే. నీ ఉత్తరం విప్పేదాకా ఇంకా క్షేమంగా ఉన్నాను.

నాలుగు సార్లు ఫోన్ చేశాను. కోడ్ అనగానే "ఫోన్ల వద్దు బిడ్డా, మాటిచ్చిన" అని పెట్టేశావు. అందుకే డ్యూటీ దిగి, చాలా ఏళ్ల తర్వాత పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను.

మామయ్యా, అది మోసం. కోడ్ మోసం, షాపు మోసం, బావ కూడా మోసమే.

నిజమైన తగ్గింపు కోడ్‌కు ముందుగా ఏమీ కట్టనక్కర్లేదు. వస్తువు కొనేటప్పుడు ఆ షాపు సొంత యాప్‌లో కొడతాం. ధర తగ్గితే తగ్గుతుంది, లేకపోతే లేదు. అంతటితో సరి. ఓటీపీ అంటే నీ గల్లాపెట్టె తాళంచెవి, ఎవరు అడిగినా ఇవ్వకూడదు. ఆ మెసేజ్‌లో ఉన్న వెబ్‌సైటు పేరు ఒకసారి చూడు. పేరున్న షాపు పేరుకే వెనక రెండు అక్షరాలు తగిలించి ఉంటుంది. ఈ రాత్రికే ఆఖరని తొందర పెట్టడం, ఇరవై ఒక్క మందికి అంటించమనడం, ఎవరికీ చెప్పొద్దనడం, ఇవన్నీ వాళ్ల అలవాట్లే. మంచి బేరమైతే దాచమని ఎందుకంటాడు?

అన్నిటికంటే ముందు సాలమ్మను ఆపు. ఆమె కోడ్‌ను చూసి కట్టడం లేదు, నీ ముఖం చూసి కడుతోంది.

నీ మేనకోడలు,
భవ్య

తా.క.: నాకు ఉన్న బావలు చాలు. ఒకాయన తీసుకుపోయిన నా సైకిల్‌నే ఇంకా తిరిగివ్వలేదు.

ఇంకో తా.క.: ఆ హెల్మెట్ ఫోటోలో ఉన్నది నేను కాదు, మా శైలజ మేడమ్. ఆమెకు ఇద్దరు పిల్లలు.


జనగామ,
7 మే 2025

చిరంజీవి, కొంచెం ముక్కోపి అయిన భవ్యకు,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ఇంత చదువు చదివి వ్యాపారం సంగతి నీకేమీ తెలియదని అర్థమైంది.

తొందర పెట్టేవాళ్లు మోసగాళ్లంటావు. మన దుకాణం ముందు 'నేడే ఆఖరు' అన్న బోర్డు మూడేళ్లుగా వేలాడుతోంది. మరి నేనెవరిని? వెబ్‌సైటు పేరులో రెండక్షరాలు ఎక్కువంటావు. మన బోర్డు మీద పెయింటర్ 'వస్త్రాలయం'లో ఒక అక్షరం మింగేశాడు, పండుగ పూట రద్దీ ఏమన్నా తగ్గిందా? ముందే కట్టించుకుంటారా అంటావు. దాన్ని బయానా అంటారు. ముప్పై ఏళ్ల దోస్తీ ఉండి కూడా బయానా లేనిదే టోకు వర్తకుడు మంగీలాల్ నాకు ఒక్క తాను గుడ్డ పంపడు.

ఇదంతా మీ అత్తకు చదివి వినిపిస్తే ముసిముసిగా నవ్వింది. "గిది డిస్కౌంటు ముచ్చట గాదు. పిల్ల మనసుల ఎవలో ఉన్నరు. అందుకే బావను దొంగ అంటాంది" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు! నిజం చెప్పు భవ్యా. ఎవరా అబ్బాయి? ప్లాంటులోనేనా? ఏ గోత్రం?

నువ్వు చెప్పేదాకా మన ప్రయత్నం ఆపలేను. మహబూబాబాద్‌లో మీ అమ్మకు కూడా పసుపు పెట్టి ఉత్తరం వేశాను. మే పద్దెనిమిది సాయంత్రం పెళ్లిచూపులు, ఏర్పాట్లు చూసుకోమన్నాను.

నువ్వు ఆ అబ్బాయితో మాట్లాడలేదు గనక ఇలా అంటున్నావు. రెండు పూటలా ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అని అడుగుతున్నాను. మొదట్లో "సార్, పేమెంట్" అనేవాడు. ఇప్పుడు "పప్పు, చారు" అని చెబుతున్నాడు. మొన్న దగ్గుతుంటే మిరియాల కషాయం చెప్పాను. తాగాడట, తగ్గిందట. మోసగాడికి కషాయం పనిచేస్తుందా?

ఇట్లు,
నీ మేనమామ

తా.క.: శైలజ మేడమ్ పిల్లల సంగతి అబ్బాయికి చెప్పలేదు. ముక్కు చాలా నచ్చిందన్నాడు. నొచ్చుకుంటాడు.


భూపాలపల్లి,
10 మే 2025

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. అమ్మ ఫోన్ చేసింది. మహబూబాబాద్‌లో ముందుగదికి సున్నం వేయించిందట. పక్కింటివాళ్ల సోఫా అడిగి తెచ్చుకుందట. పక్కింటివాళ్లు నిన్నటి నుంచి చాప మీద కూర్చుంటున్నారు. నేను మోసం అంటుంటే, "మీ మామకు తెల్వదా, నీకు తెలుసా" అని నన్నే తిట్టింది.

నా మనసులో ఎవరూ లేరు. ఒక టర్బైన్ ఉంది. దాని గోత్రం నాకు తెలియదు.

నువ్వు లింకుల మాట వినవు, ఓటీపీ మాట వినవు. నువ్వు నమ్మేది గోత్రం ఒక్కటే కాబట్టి పరీక్ష కూడా దాంతోనే పెడదాం. సత్యమ్మ అత్తను తన ఫోన్ నుంచి అదే నంబరుకు చేయమను. మీ ఇంటి మనిషినని చెప్పకూడదు. కోడ్ కావాలని మొదలుపెట్టి, మెల్లగా గోత్రం అడగాలి. అతను అడిగితే తన పుట్టింటి గోత్రం చెప్పాలి. అంతే. అత్త ఎవరికీ మాటివ్వలేదు కనక ఫోన్‌లో ఎంతైనా మాట్లాడొచ్చు.

అతను అప్పుడు కూడా నీ గోత్రమే చెబితే, పద్దెనిమిదిన నేను పట్టుచీర కట్టుకుని పక్కింటివాళ్ల సోఫాలో తలొంచుకుని కూర్చుంటాను. ఇది నా మాట. నేనూ నీ మేనకోడలినే, తప్పను.

భవ్య

తా.క.: కషాయం మోసగాళ్లకు కూడా పనిచేస్తుంది. మిరియాలకు మనుషులతో పనిలేదు.


జనగామ,
14 మే 2025

భవ్యకు,

ఈసారి పసుపు పెట్టలేదు. చూసే ఉంటావు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ అత్త స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. నేను పక్కనే పీట మీద కూర్చున్నాను. గెలవబోతున్నానన్న ధీమాతో వక్క కూడా నోట్లో వేసుకున్నాను.

"నాకో మిక్సీ గావాలె బిడ్డా, గా కోడ్ ఏందో జర చెప్పు" అంది మీ అత్త. అదే గొంతు, అదే మర్యాద. ఎనభై శాతం అన్నాడు, ఈ రాత్రికే ఆఖరన్నాడు. నా దగ్గర మే పద్దెనిమిది దాకా సాగిన ఆఫర్, మీ అత్తకు రాత్రికే ఆఖరు! అయినా నేను సర్దిచెప్పుకున్నాను, మిక్సీల సరుకు వేరేమోనని.

"మీదేం గోత్రం నాయినా?" అంది.

"మీదేంటి ఆంటీ?" అన్నాడు.

తన పుట్టింటి గోత్రం చెప్పింది.

"మాదీ అదే ఆంటీ!" అన్నాడు. నాతో అన్నప్పుడు ఎంత సంతోషంగా అన్నాడో, అంతే సంతోషంగా అన్నాడు.

మీ అత్త ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. "నిన్నటిదాక నీ తమ్ముని కొడుకు. ఇయ్యాల మా అన్న కొడుకు. రేపు ఎవల కొడుకైతడో" అంది. వెబ్‌సైటుకు రెండు పేర్లుండొచ్చు. మనిషికి రెండు గోత్రాలుంటాయా, భవ్యా? నువ్వు రాసిందంతా అప్పుడు మళ్లీ తీసి చదివాను. ప్రతి మాటా నిజమే. నోట్లో వక్క నోట్లోనే ఉండిపోయింది.

దుకాణానికి పోయేసరికి సాలమ్మ ఎదురొచ్చింది. కొంగుకు పెద్ద ముడి. "సేటూ, ఆదివారం దాక ఎందుకు? నా కాడుంటె ఖర్చయితయి. ఏడ నొక్కాల్నో చెప్పు, ఇప్పుడే నొక్కుత" అంది.

"కోడ్ మంచిదేనా అని అడగవా సాలమ్మా?" అన్నాను.

"నాకు ఫోనెర్కనా? నువ్వెర్క" అంది.

ముడి విప్పకుండా ఆపాను. సర్వర్ డౌన్ అన్నాను. ఆ మాట కూడా ఆ అబ్బాయి దగ్గర నేర్చుకున్నదే.

సంఘంలో సగం మందికి ఇప్పటికే చెప్పి పెట్టాను. ఫోన్‌లో కాదు, చెవిలో. ఇప్పుడు ఏ ముఖంతో లేచి నిలబడను? ఆదివారం మీటింగ్‌కు పోను. జ్వరమని చీటీ పంపుతాను. అధ్యక్ష పదవి ఇంకెవరికైనా ఇచ్చుకోమంటాను.

వెంకట్రాజం

తా.క.: మీ అత్తకు మిక్సీ నిజంగానే కావాలట. ఇన్నాళ్లు నాతో చెప్పలేదు.


భూపాలపల్లి,
16 మే 2025

పూజ్యులైన మామయ్యకు,

పోస్టులో వేస్తే ఆదివారంలోగా అందదని, మా ప్లాంటు బలరాం అన్న జనగామ వస్తుంటే అతని చేతికిచ్చాను. అందిన వెంటనే చదువు.

మామయ్యా, నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది. ఊరికే అనడం లేదు. మూడు వారాలు ఒక మోసగాడు రోజూ సొమ్ము అడిగితే నువ్వొక్క పైసా రాల్చలేదు. పైగా వాడి దగ్గు తగ్గించావు. ఇక్కడ పెద్ద చదువులు చదివినవాళ్లలో ఇద్దరు ఇలాంటి కోడ్‌కే గంటలో కట్టేశారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మొదటివాళ్లు నోరు విప్పి ఉంటే రెండోవాళ్లయినా తప్పించుకునేవాళ్లు. ఈ మోసగాళ్లకు పెట్టుబడి మన సిగ్గే.

నువ్వు జ్వరమని ముసుగు తన్ని పడుకుంటే, నువ్వు చెవిలో చెప్పిన మాట మీద ఆ సగం మందీ కట్టేస్తారు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి నీ గద్దె పక్కన కూర్చునేదాన్ని, గుర్తుందా? చీర మీద చిన్న మరక ఉన్నా, కొనేవాళ్లకు కనిపించకపోయినా, నువ్వే మడత విప్పి ముందు అదే చూపించేవాడివి. ఈ మరక కూడా చూపించు మామయ్యా. నీ బేరం చెడదు.

ఆ నంబరుకు ఇక ఫోన్ చేయకు. మెసేజ్‌లు చెరిపేయకు, అవే సాక్ష్యం. సొమ్ము పోయినవాళ్లెవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయమని చెప్పు.

నీ మేనకోడలినని అందరికీ చెప్పుకునే,
భవ్య

తా.క.: అమ్మ సోఫా తిరిగి ఇచ్చేసింది. సున్నం మాత్రం గీకి ఇవ్వలేనంటోంది.


జనగామ,
21 మే 2025

చిరంజీవి, మా ఇంటి ఇంజనీరు భవ్యకు,

మామయ్య మనసారా దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఏసీ లేకున్నా చల్లగానే ఉన్నాం.

ఆదివారం మీటింగ్‌కు పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకునే పోయాను. లేచి, "నేను మోసపోబోయిన" అన్నాను. కోడ్ సంగతి, ఓటీపీ సంగతి, బావ సంగతి, రెండు గోత్రాల సంగతి, ఏదీ దాచలేదు. మొదట నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నవ్వు ఆగాక వెనక వరసలోంచి దుప్పట్లమ్మే దేవ్యా లేచాడు. "సేటూ, నేను పోయిన నెలల్నే కట్టిన. ఇంట్ల గూడ చెప్పలే" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మొత్తం నలుగురు. నలుగురి చేతా అక్కడే 1930కు ఫోన్ చేయించాను. మిగతావాళ్లెవరూ కట్టలేదు. అధ్యక్ష పదవి దిగుతానంటే కూర్చోమని కసిరారు.

కోడ్ కోసమని వచ్చిన సాలమ్మ మీటింగ్ బయట మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది. "మరి సర్వర్ డౌనంటివి?" అంది. అబద్ధమాడానన్నాను. "నా పైసలు కాపాడెతందుకే ఆడినవ్ గద. గదేం అబద్ధం?" అంది. మర్నాడు నేనే వెంట పోయి బజారులో మోటారు మిషన్ ఇప్పించాను. కుట్టి చూసి, బిల్లూ గ్యారంటీ కాగితమూ చేతికొచ్చాకే కొంగు ముడి విప్పనిచ్చాను. ఇప్పుడు అరుగు మీద అది చప్పుడు చేస్తోంది. ఈ నలభై ఏళ్లలో నా దుకాణంలో నేనింత గర్వంగా విన్న చప్పుడు లేదు.

ఇక అసలు సంగతి విను. నిన్న పోస్ట్‌మాన్ ఒక రిజిస్టర్డ్ కవరు తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. నాలుగు మూలలా పసుపు!

విప్పితే జాతకం. నిలువెత్తు ఫోటో. అసలు పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరు, ఇంటి పక్కన నీళ్ల ట్యాంకు ఉంటుందన్న ఆనవాలు. వెంట ఒక ఉత్తరం. "మామయ్య గారూ, నా పేరు కార్తీక్ కాదు. వయసు ముప్పై నాలుగు. ఎక్కడా సంబంధం కుదరడం లేదు. డిస్కౌంట్ల విషయంలో అబద్ధాలు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. పెళ్లి విషయంలో చెప్పను. గోత్రం కూడా ఈసారి నిజమైనదే రాశాను. ఇన్నేళ్లలో తిన్నావా అని అడిగిన కస్టమర్ మీరొక్కరే. అమ్మాయి ముక్కు నాకు నచ్చింది" అని రాశాడు.

ఎనభై శాతం ఎర వేసి ఊళ్లకు ఊళ్లను పట్టినవాడు, చివరికి ఒక హెల్మెట్ ఫోటోకు పడ్డాడు. చదువుతుంటే నాకు జాలేసింది. మీ అత్త కూడా కళ్లు తుడుచుకుంది. జాలిపడుతూనే కవరు తీసుకుని, దేవ్యాను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయాను.

ఎస్సై అభిలాష్ గారు ఆ కవరు చూసి కుర్చీలోంచి లేచారు. దొంగ తన చిరునామా తానే పసుపు రాసి పంపడం ఆయన నౌకరీలో ఇదే మొదలట. "మీకు మొదట అనుమానం దేనివల్ల వచ్చింది?" అని అడిగారు. గోత్రం వల్ల అన్నాను. రాసుకుంటున్న కానిస్టేబుల్ కలం ఆపి ఎస్సై గారి వైపు చూశాడు. "అట్లనే రాయి" అన్నారు ఆయన. జనగామ పోలీసు కాగితాల్లో నా మాట ఉన్నదున్నట్టు ఎక్కింది, భవ్యా.

ఇంటికొచ్చి 'నేడే ఆఖరు' బోర్డు పీకేశాను. ఎందుకని అడగకు.

ఇట్లు,
నీ మాట ఆలస్యంగా విన్న మేనమామ,
వెంకట్రాజం

తా.క.: స్టేషన్‌కు పోయేముందు ఆ జాతకం పంతులుగారికి ఒకసారి చూపించాను, ఊరికే. కల్యాణ యోగం దగ్గర్లో లేదట. స్థానచలనం మాత్రం తప్పదట.

ఇంకో తా.క.: ఎస్సై గారికి ఇంకా పెళ్లి కాలేదు. నేనేమీ కదిలించలేదు. వస్తూ వస్తూ గోత్రం ఒక్కటే అడిగాను. "ముందు మీదేంటో చెప్పండి" అన్నారు. చెప్పలేదు, భవ్యా. నేర్చుకున్నాను.